ఎవరి ఎడమ?

మంగళవారం తెల్లవారుజామున మూడింటికి
ఇంజన్ గదిలో ఉండగా ఫోను వణికింది.
ఇంట్లో మెట్ల కింద ఉన్న సర్వరు రాసిన రెండు ముక్కలు:
"జంటలో ఒకటి పోయింది. పని సాగుతోంది."

ఆ రెండో ముక్కకే భయపడ్డాను.
ఇరవై రెండేళ్ళుగా రెండింజన్ల పడవల మీద బతుకుతున్నదాన్ని.
ఒకటి ఆగినా ఒడ్డు చేరతామని తెలుసు,
చేరేదాకా ఎవ్వరూ నోరు విప్పరనీ తెలుసు.

పోయింది చిన్న డిస్కు, రెండు అగ్గిపెట్టెలంత.
మా హీయుమా దీవి గాయకబృందం నలభై ఏళ్ళ పాటలు,
లెహ్తె అత్త అల్లిక నమూనాలు
పెద్ద డిస్కుల్లో నిక్షేపంగా ఉన్నాయి.
ఈ చిన్నదానికి ఒక్క పాటా రాదు.
దానికి తెలిసిందల్లా ముందుగా లేవడం,
లేచి మిగతావాటిని పేరుపేరునా పిలవడం.
పిలిచే దిక్కు లేకపోతే
పాటలన్నీ వట్టి ఇనుము.

కొత్తది టాలిన్ నుంచి రావాలన్నారు.
జలసంధి గడ్డకట్టి రెండ్రోజులు పడవల్లేవు.
మూడోరోజు నా ఇంజన్లు మంచు విరగదొక్కుకుంటూ లాక్కొచ్చిన పడవలోనే
టపా సంచుల అడుగున అదీ వచ్చిందట.
ఆ సంగతి తెలియక
మర్నాడు పోస్టాఫీసులో వరసలో నిలబడి తెచ్చుకున్నాను.

టార్చి పట్టుకోమని పక్కింటి ఊకుని పిలిచాను. పద్నాలుగేళ్ళవాడు.
మూత తీస్తే దుమ్ము, ఎండిపోయిన సాలీడు,
ఒకే రోజు కొన్న కవలలు పక్కపక్కన.
ఒకదాని మీద ఆరేళ్ళ కిందటి నా చేతిరాత: "ఎడమ".
రెండోదాని చీటీ వేడికి ఊడి
అడుగున ముడుచుకుని పడుంది.

"ఎవరి ఎడమ?" అన్నాడు ఊకు.

నిజమే. ముందు నుంచి చూస్తేనా, వెనక నుంచా?
ఆ రోజు ఎటు నిలబడ్డానో, ఏం తొందరలో ఉన్నానో.
తప్పుదాన్ని లాగితే ఉన్నదీ పోయినట్టే.
భూతద్దం పెట్టి చివరి నాలుగంకెలు చదివాడు,
నేను తెరమీద సరిచూశాను.
మళ్ళీ చదవమన్నాను. విసుక్కుంటూ చదివాడు.
"కుడిపక్కది పోయింది. అదే, నువ్వు ఎడమ అని రాసింది."

అద్దం వెనక రసం పూసినట్టు
పాతది కొత్తదాని మీద తనను తాను పూసుకుంటూ పోయింది.
పదకొండు నిమిషాలు. టీ ఇంకా మరగనేలేదు,
తెరమీద పచ్చరంగు మాట: "జంట క్షేమం".

"అయిపోయిందా?"
"అయిపోయింది."
"అయితే పాతది తీసేసి చూపించు."

ఏ ఇంజన్‌కైనా నేను చెయ్యకుండా వదలని పరీక్ష,
వీడు గుర్తుచెయ్యాల్సొచ్చింది.

ఆపి, పాతది పీకి, మీట నొక్కాం.
నల్లటి తెర. మూలన మిణుకుమనే గీత.
లేపడానికి ఏదీ కనబడలేదంది.

అన్నీ నేర్చుకుంది, లేవడం తప్ప.
ఆ ఒక్కటీ అద్దంలోకి దిగదు.
డిస్కు మొదట్లో గోరంత జాగా,
జంట లెక్కలోకి రానిది,
విడిగా, చేత్తో రాయాలి.
ఆ పచ్చమాట నమ్మి పడుకుని ఉంటే
పాతది పోయిన రోజున తెలిసేది నాకు.

టీ పొంగి పొయ్యి ఆరింది. ఎవరూ లేవలేదు.
పాతదాన్ని పెట్టి, ఆ గోరంతా రాసి,
మళ్ళీ పీకి, మళ్ళీ నొక్కాం.

ఫ్యాను తిరిగింది.
పెద్ద డిస్కులు ఒక్కొక్కటే
గొంతు సవరించుకున్నట్టు గురగురలాడాయి.
చేతికందిన పాట ఒకటి తెరిచాడు ఊకు.
పాట ఇంకా ఎత్తుకోలేదు, ఎవరో దగ్గుతున్నారు, కుర్చీ జరిగింది.
"ఇదేనా?"
"ఇదే."

పాతదాన్ని తిరిగి దాని చోట పెట్టాను.
దానికీ ఆరేళ్ళే కదా, ఇంకోటి తెప్పిస్తున్నాను.
చచ్చినదాన్ని ఫ్యూజుల సొరుగులో పడేశాను.
కొత్తదానికి కొత్త చీటీ:
"ఎడమ. వీధి తలుపు వీపుకి ఉండేలా నిలబడి, వంగి చూస్తే."
చీటీ సరిపోలేదు.
ఆఖరి మాట మలుపు తిరిగి
డిస్కు అంచు మీదకి పోయింది.